ఎగురుట, దిగివచ్చుట: ఒక దంపతుల గగనయాత్ర

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవు మార్గమున ఎడమవైపున నల్లమల కొండలు చాలాదూరము ప్రయాణికునకు తోడుగా వచ్చును. ఆళ్లగడ్డ దాటి ఆ కొండలవైపు మరలినచో అహోబిల క్షేత్రము. ఆ పర్వతమునకు గరుడాద్రి యని పేరు. శ్రీనృసింహస్వామి దర్శనమును కోరి గరుత్మంతుడు ఇచ్చట తపస్సు చేసెనని స్థలపురాణము చెప్పుచున్నది. సాధకుడు ఇచ్చట ఒక్క క్షణము నిలిచి యోచింపవలెను. రెక్కలతో లోకములను దాటగలవాడు, స్వర్గము నుండి అమృతకలశమును తెచ్చినవాడు, స్వామిని చూచుటకు మాత్రము ఎగురలేదు. కొండపై కదలక కూర్చుండెను. ఎగిరినను అందని వస్తువు ఒకటి కలదని పక్షిరాజునకే తెలిసెను.

స్వామియు ఆకాశమున కనబడి మాయమగువాడు కాలేదు. గుహలోనికి దిగివచ్చి నిలిచెను. అవతారము అను పదమునకు దిగివచ్చుట అనియే అర్థము. సనాతన ధర్మము పరమాత్మ మహిమను ఎంత ఎత్తున నున్నాడను దానిచేత గాక, ఎంతవరకు దిగివచ్చెనను దానిచేత కొలిచినది. ఎగురుటకు శక్తి చాలును. దిగివచ్చుటకు కారుణ్యము కావలెను. ఈ భేదము దాంపత్యమునకును వర్తించును. దానిని తెలిసికొనుటకు 1937లో ఒక చిన్న సొంత విమానమున ఇంగ్లాండు నుండి భారతదేశమునకు వచ్చిన దంపతుల కథ ఉపకరించును.

రెండు ఆసనముల విమానము

ఆ భర్త పేరు చార్లెస్ లిండ్‌బర్గ్. 1927 మే 20, 21 తేదీలలో న్యూయార్కు నుండి ప్యారిస్ నగరమునకు అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా ఒంటరిగా, ఎచ్చటను ఆగక, 33 గంటలకు పైగా ఎగిరి లోకప్రఖ్యాతుడైన అమెరికా వైమానికుడు. భార్య ఆన్ మారో. 1929లో వివాహమైన తరువాత ఆమెయు విమానవిద్యను అభ్యసించెను. 1930లో గ్లైడరు నడుపుటకు ఉత్తమశ్రేణి అర్హతపత్రమును పొందిన తొలి అమెరికా మహిళ ఆమెయే. 1931లో భర్తతో కలసి ఉత్తర ధ్రువప్రాంతముల మీదుగా జపాను, చైనా దేశములకు పోయినపుడు రేడియో సందేశములను పంపు బాధ్యత ఆమెది. ఆ యాత్రను గూర్చి ఆమె వ్రాసిన గ్రంథము 1935లో వెలువడి ఎందరో పాఠకుల ఆదరమును పొందెను.

కీర్తి, ధనము, యౌవనము, ఆకాశము అన్నియు వారివే అనిపించెను. 1932 మార్చి 1వ తేదీ రాత్రి న్యూజెర్సీలోని వారి ఇంటి నుండి ఇరువది మాసముల ప్రథమపుత్రుని ఎవరో అపహరించిరి. అడిగిన ధనము ఇచ్చినను బిడ్డ తిరిగి రాలేదు. మే 12వ తేదీన ఆ శిశువు శవము ఇంటికి సమీపమున అడవిలో లభించెను. అటుపిమ్మట విచారణ, వార్తాపత్రికల వేట, రెండవ పుత్రుని గూర్చిన భయము. 1935 డిసెంబరులో ఆ దంపతులు స్వదేశమును విడిచి ఇంగ్లాండునకు పోయి ఒక పల్లెయింట నివసించిరి.

అచ్చటనే లిండ్‌బర్గ్ తన కొఱకు ప్రత్యేకముగా ఒక విమానమును నిర్మింపజేసికొనెను. దాని పేరు మైల్స్ మోహాక్. అటువంటిది ప్రపంచమున మరియొకటి నిర్మింపబడలేదు. చిన్నది, రెక్కలు క్రిందుగా అమరినది, ఇరువురు మాత్రమే కూర్చుండదగినది. ఆసనములు ప్రక్కప్రక్కన గాక ఒకదాని వెనుక ఒకటి. కారులోనో, ఎద్దుల బండిలోనో పోవు దంపతులు ఒకరి ముఖము ఒకరు చూచుకొనగలరు. ఇట్టి విమానమున వెనుకనున్నవారికి ముందున్నవారి తల మాత్రము కనబడును. ఆ కాలపు చిన్న విమానములలో యంత్రఘోష వలన సామాన్యసంభాషణయు కష్టమే. శరీరముల మధ్య మూరెడు దూరము. ఒకే ఆకాశము, ఒకే గమ్యము, ఒకే అపాయము. అయినను ఎవరి మౌనము వారిదే.

1937 ఫిబ్రవరిలో వారు బయలుదేరిరి. ఇటలీ, ఈజిప్టు, పశ్చిమాసియా ఎడారులు దాటి భారతదేశము చేరిరి. అప్పటికి ఆన్ గర్భవతి. రెండు ఆసనముల విమానమున మూడు ప్రాణములు ప్రయాణించినవి.

కలకత్తాలోని సర్వమత మహాసభ

వారిని కలకత్తాకు చేర్చినది వాణిజ్యము కాదు, పందెమును కాదు. శ్రీరామకృష్ణ పరమహంస శతజయంతి సందర్భమున 1937 మార్చి 1 నుండి 8 వరకు అచ్చటి టౌన్ హాలులో సర్వమత మహాసభ జరిగెను. 1893లో షికాగోలో వివేకానందస్వామి ఏ భావమును లోకమునకు వినిపించెనో, దానినే గురుదేవుల పేర స్వదేశమున స్మరించుట ఆ సభకు ఉద్దేశము. రవీంద్రనాథ ఠాగూరు మార్చి 3వ తేదీన అందు ప్రసంగించెను. ఇంగ్లాండు నుండి సర్ ఫ్రాన్సిస్ యంగ్‌హస్బెండ్ వచ్చెను. ఆయన 1904లో సేనతో టిబెట్టునకు పోయి, లాసా నుండి మరలునపుడు ఏకాంతమున కలిగిన ఒక దివ్యానుభూతి చేత మార్పు చెంది, శేషజీవితమును మతసామరస్యమునకు అంకితము చేసిన సైనికుడు. ఆయనకు పరిచితులైన లిండ్‌బర్గ్ దంపతులును ఆ సభకు వచ్చిరి.

సభ ఆరంభమైన తేదీని గమనింపుడు. మార్చి 1. సరిగా అయిదు సంవత్సరములకు పూర్వము అదే తేదీన వారి బిడ్డ ఉయ్యాల శూన్యమైనది. ఆ దినము వారి మనస్సులలో ఏమి కదలెనో చెప్పుట ఎవరికిని తగదు. కాని ఏ తల్లికిని అటువంటి తేదీ మరచునది కాదు. ఎన్ని వేల అడుగుల ఎత్తునకు పోయినను పంచాంగమున ఆ దినము రాక మానదు. దుఃఖము నేలపై విడిచిపెట్టి పోవుటకు వీలైన మూట కాదు. విమానమున బరువును తూచి ఎక్కింతురు గాని, ఈ బరువు తూనికకు అందక తానే ఎక్కి కూర్చుండును.

అహోబిలక్షేత్రమును ఎరిగినవారికి ఈ ఘట్టమున కయాధువు స్మరణకు వచ్చును. హిరణ్యకశిపుని భార్యయైన కయాధువు గర్భవతిగా నారదుని ఆశ్రమమున నుండగా ఆ మహర్షి ఆమెకు భక్తిజ్ఞానములను బోధించెను. కాలక్రమమున తల్లి దానిని మరచెను, గర్భస్థుడైన శిశువు మరువలేదు. ఆ శిశువే ప్రహ్లాదుడు. భాగవతము సప్తమస్కంధమున ప్రహ్లాదుడే తన సహాధ్యాయులైన దైత్యబాలకులకు ఈ వృత్తాంతమును చెప్పును. కలకత్తా సభలో కూర్చున్న ఆ తల్లి గర్భమున నున్న శిశువునకు ఏదో మహిమను కల్పించుట ఇచ్చటి ఉద్దేశము కాదు. గర్భిణి యొక్క ప్రయాణమును భారతీయులు ఏల అంత పవిత్రముగా భావింతురో తెలుపుట మాత్రమే ఉద్దేశము. ఆమె వినునది ఇద్దరు విందురు. ఆమె భయము ఇద్దరిది, ఆమె శాంతియు ఇద్దరిది.

ఆ దంపతులు తిరిగి ఇంగ్లాండు చేరిరి. ఆ బిడ్డ లండనులో 1937 మే 12వ తేదీన జన్మించెను. అయిదు సంవత్సరములకు పూర్వము ప్రథమపుత్రుని శవము లభించిన తేదీయు మే 12. కాలము పోయినదానిని తిరిగి ఇయ్యదు. అయినను ఒక్కొక్కప్పుడు తాను తీసికొనిన దినముననే మరియొకటి చేతికి ఇచ్చి పోవును. దీనిని కర్మ యందురో, కృప యందురో, యాదృచ్ఛికమందురో అది చూచువాని సంస్కారమును బట్టి యుండును.

ఎత్తు, సాక్షిత్వము

ఆకాశము నుండి చూచువానికి పొలముల గట్లు గీతలవలె, నదులు దారములవలె, గ్రామములు మట్టిబొమ్మలవలె కనబడును. కలహములు వినబడవు. ఏడ్పులు కనబడవు. అప్పుడు హృదయమునకు ఒక ప్రశాంతి కలుగును. ఈ ప్రశాంతిని చూచి అనేకులు ఇదియే వైరాగ్యమని, ఇదియే సాక్షిభావమని భ్రమింతురు. కాని దూరము వేరు, సాక్షిత్వము వేరు. నంద్యాలకు సమీపమున మహానందిలోని పుష్కరిణి ఒడ్డున నిలిచినవానికి నీటి అడుగు స్పష్టముగా కనబడును. అతడు ఎత్తున నుండుట చేత కాదు, జలము నిర్మలముగా నుండుట చేత. ఆ నీటిలో దిగి స్నానము చేయువానికిని తన పాదములు కనబడుచునే యుండును. సాక్షి యనగా మునిగియుండియు చూడగలవాడు. ఎత్తునకు పోయినవాడు సమీపములో నున్నదానిని చూడలేకపోవుటయు కలదు.

లిండ్‌బర్గ్ జీవితమే ఇందుకు నిదర్శనము. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు అతడు ప్రకటించిన రాజకీయాభిప్రాయములు తీవ్రమైన విమర్శకు పాత్రములైనవి. అంతకన్న బాధాకరమైన విషయము ఒకటి 2003లో లోకమునకు తెలిసెను. యుద్ధానంతరము అతడు ఐరోపాలో మరి ముగ్గురు స్త్రీలతో రహస్యముగా సంబంధములు కలిగియుండి, వారియందు ఏడుగురు సంతానమునకు తండ్రి అయ్యెను. ఆన్ 2001లోనే దివంగతురాలైనది. మహాసముద్రములను, ఎడారులను కలసి దాటిన దంపతుల మధ్య ఇంతటి అగాధము దాగియుండెను. ఒకే విమానమున పోయినంత మాత్రమున ఒకే జీవితమున నున్నట్లు కాదు. సామీప్యము యంత్రము ఇయ్యగలదు. సాన్నిధ్యము సత్యము మాత్రమే ఇయ్యగలదు.

ఆన్ జీవితము మరియొక దారిని పట్టెను. ఆమె గ్రంథములలో అత్యధికులు చదివినది విమానయాత్రా గ్రంథము కాదు. 1955లో వెలువడిన ‘గిఫ్ట్ ఫ్రమ్ ద సీ’. ఫ్లోరిడాలోని ఒక ద్వీపమున సముద్రతీరమున ఏకాంతముగా నుండి, తాను ఏరుకొన్న గవ్వలను, శంఖములను చూచుచు, స్త్రీజీవితమును, దాంపత్యమును, ఏకాంతమును గూర్చి ఆమె చేసిన చింతన అది. మేఘమండలమున విహరించిన స్త్రీకి తత్త్వము ఇసుకలో లభించెను. గవ్వను ఏరుటకు వంగవలెను. ఆ వంగుటలో ఆమె దిగివచ్చెను.

పుష్పకమున సీతారాములు

భారతీయులకు దంపతుల గగనయాత్ర క్రొత్త విషయము కాదు. లంక నుండి అయోధ్యకు సీతారాములు పుష్పకవిమానమున వచ్చిరి. ఆ యాత్ర ఎట్టి సమయమున జరిగినదో మరువరాదు. అంతకు ముందే శ్రీరాముడు సీతామాతతో కఠినముగా పలికెను. ఆమె అగ్నిప్రవేశము చేసెను. గాయము ఇంకను పచ్చిగా నున్నది. అట్టి స్థితిలో ఇరువురును విమానము ఎక్కిరి.

ఆకాశమున రాముడు ఏమి చేసెను? తన పరాక్రమమునకు మురియుచు కూర్చుండలేదు. క్రింద కనబడు ఒక్కొక్క స్థలమును ఆమెకు చూపెను. రణభూమిని, సేతువును, కిష్కింధను, పంపాతీరమును, జటాయువు పడిన చోటును చూపెను. కాళిదాసు రఘువంశము పదమూడవ సర్గమునందు ఈ ఘట్టమును విస్తరించి, సీతను వెదకుచు తాను తిరిగిన అడవిలో ఆమె కాలి అందె ఒకటి నేలపై పడియుండగా చూచిన స్థలమును రాముడు ఆమెకు చూపినట్లు వర్ణించెను. ఎంతటి సూక్ష్మమైన భావము! ఆకాశమున నుండియు రాముని దృష్టి నేలపైననే యున్నది. ఎదుట చెప్పలేకపోయిన దుఃఖమును స్థలములను చూపుచు చెప్పెను. నీవు లేని దినములు ఇచ్చట గడచినవి అని చూపుటయే అచ్చట క్షమాపణ, అదియే ప్రేమనివేదనము.

సీతామాతయు మౌనముగా వినుచు కూర్చుండలేదు. కిష్కింధ కనబడగానే తారను, ఇతర వానరపత్నులను వెంట తీసికొని అయోధ్యకు పోవలెనని కోరెను. భర్తల కొఱకు ఎదురుచూచిన స్త్రీల వేదన ఆమెకు తెలియును. రాముడు వెంటనే విమానమును నిలిపెను. ఆమె మాటపై పుష్పకము దిగివచ్చెను. ఒకరు తన గాయమును చూపిరి, మరియొకరు ఇతరుల వేదనను గుర్తుచేసిరి.

చివరకు విమానము నందిగ్రామమున దిగెను. భరతుడు పదునాలుగు సంవత్సరములు పూజించిన పాదుకలను తెచ్చి అన్నగారి పాదములకు స్వయముగా తొడిగెను. ఆకాశము నుండి వచ్చినవానికి మొదట అందినది కిరీటము కాదు, నేలపై నడచుటకు కావలసిన పాదుకలు. ఆ వెనుక రాముడు పుష్పకమును దాని యజమానియైన కుబేరుని వద్దకు పంపివేసెను. ఎంత దివ్యమైన వాహనమైనను పని ముగిసిన పిదప తిరిగి ఇచ్చివేయవలసినదే. శరీరము రథమని, ఆత్మ రథికుడని కఠోపనిషత్తు బోధించుచున్నది. ఆ రథమును గూర్చియు ఇదే న్యాయము.

పారువేట చెప్పు రహస్యము

అహోబిలమున నవనృసింహులలో ఒకరు మాలోలుడు. మా యనగా లక్ష్మి. ఆమెయందు అనురక్తుడు మాలోలుడు. స్తంభమును చీల్చుకొని వచ్చిన ఉగ్రమూర్తి లక్ష్మీసన్నిధిలో శాంతించిన రూపమది. ఇచ్చటి జనులకు ఇంకను ఆప్తమైన కథ చెంచులక్ష్మిది. ఈ అడవిలోని చెంచుకన్యను స్వామి వరించెను. చెంచులు నేటికిని ఆయనను తమ ఇంటి అల్లునిగా భావింతురు.

ఏటేట సంక్రాంతి మరునాడు, కనుమ నాడు, స్వామి పారువేటకు బయలుదేరును. పల్లకిలో ఆళ్లగడ్డ పరిసరములలోని ముప్పదికి పైగా గ్రామములకు, నలుబది దినములకు పైగా, ఊరూర ఆగుచు పోవును. ఫాల్గుణమున జరుగు తన కల్యాణమునకు రమ్మని జనులను పిలుచుటకే ఈ యాత్ర యని భక్తుల విశ్వాసము. గరుడుడు వాహనముగా గలవాడు తలచినచో క్షణమున అన్ని గ్రామములను చుట్టిరాగలడు. అయినను మనుష్యుల భుజములపై, మనుష్యుల అడుగుల వేగముతో, పొలముల గట్ల ప్రక్కనుండి, వాకిటివాకిటికి వచ్చును. వాకిట హారతిపళ్లెముతో నిలిచిన వృద్ధదంపతులు తలపైకెత్తి ఆకాశమును చూడనక్కరలేదు. స్వామి ముఖము వారి కన్నుల ఎత్తుననే యుండును.

ఇప్పుడు ఈ సీమకును విమానము వచ్చినది. కర్నూలు నంద్యాల మార్గమున ఓర్వకల్లు వద్ద 2021 మార్చిలో ప్రారంభమైన విమానాశ్రయమునకు ఈ ప్రాంతమువాడే యైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిరి. దూరదేశములలోని సంతానమును చూచుటకు జీవితమున మొదటిసారి విమానము ఎక్కు దంపతులు ఈ పల్లెలలో అనేకులు. అందు తప్పేమియు లేదు. విమానము ఎక్కుట అహంకారము కాదు, నడచుట వినయమును కాదు. కాని ముప్పది నలుబది సంవత్సరములు ఒకే ఇంట నుండియు ఒకరికొకరు చెప్పుకొనని దుఃఖములు అనేక దాంపత్యములందు కలవు. పోయిన బిడ్డను గూర్చి భార్య ఒక గదిలో, భర్త మరియొక గదిలో ఏడ్చుచుందురు. అట్టివారికి సీతారాముల విమానయాత్ర ఒక సాధనను బోధించుచున్నది. గవాక్షము నుండి క్రిందికి చూచునపుడు వింతలను మాత్రమే చూపుకొనక, నీవు లేనపుడు నేను ఇచ్చట ఇట్లుంటిని అని ఒక్క స్థలమునైనను చూపవలెను. చూపినవాని భారము సగమగును. చూచినవారు దానిని తమదిగా మోయుదురు. సహధర్మచరణమన ఇదియే.

1974 ఆగస్టులో, వ్యాధి తీరదని తెలిసిన తరువాత, లిండ్‌బర్గ్ న్యూయార్కు ఆసుపత్రిలో గాక హవాయి ద్వీపములలోని మావీలో దేహమును విడువవలెనని కోరెను. అంత దూరము అతనిని విమానముననే తీసికొనిపోయిరి. ఏకాకిగా మహాసముద్రమును దాటినవాడు ఈసారి రోగశయ్యపై పరుండిన ప్రయాణికుడు. ఆన్ అతని వెంట నుండెను. మావీలో తన సమాధి ఎట్లుండవలెనో అతడే నిర్ణయించుకొని, ఆగస్టు 26న కన్ను మూసెను. ఆ చివరి రోజులలో ఆ దంపతులు ఒకరికొకరు ఏమి చెప్పుకొనిరో, ఏమి చెప్పుకొనలేదో వారికే ఎరుక. చెప్పుకొనుటకు కాలము మిగిలియున్న దంపతులు మాత్రము విమానము దిగువరకు వేచియుండవలసిన పని లేదు.

శ్రీలక్ష్మీనృసింహ పరబ్రహ్మార్పణమస్తు.